రొమ్ము తీయింపవలెనా, కనిపెట్టి యుండవలెనా?

రొమ్ము వ్యాధులను గూర్చి మాటాడుట మన యిండ్లలో తప్పుగా నెంచబడుచున్నది. మాటాడక తీరని యగత్యము మా కుటుంబమునకు కలిగినది. మేము జనగామ వాసులము. మా యక్కగారి కుమార్తె భూపాలపల్లిలో కాపురమున్నది. నలువది యేండ్లు నిండని యామె రొమ్ములో చిన్న గడ్డ కనబడగా, సూదితో ముక్క తీసి పరీక్షించిరి. పిదప నా భాగమును శస్త్రముచే తొలగించి మరల పరీక్షించిరి. కాన్సరు లేదు. అయితే పాలనాళములలోని కణములు క్రమము దప్పి పెరుగుచున్నవనియు, దీనిని అటిపికల్ హైపర్‌ప్లేషియా యందురనియు, ఇట్టివారికి ముందుకాలమున కాన్సరు వచ్చు నవకాశ మెక్కువ యనియు వైద్యురాలు తెలిపెను.

అంతట నింట రెండు పక్షము లేర్పడినవి. అత్తగారు "రెండు రొమ్ములును తీయించివేయుడు, పీడ విరగడ యగును" అనిరి. బావగారు "కాన్సరు కాదని వారే చెప్పిరి గదా, ఇంక నాస్పత్రి యెందులకు?" అనిరి. అమ్మాయి నడిగినవారు లేరు. ఈ రెండు మాటలకును మూలము భయమే యని మాకు తోచినది.

అమెరికాలోని మేయో వైద్యశాలవారు ఇట్టి కణవృద్ధి గల స్త్రీలను దీర్ఘకాలము పరిశీలింపగా, 25 ఏండ్లలో నూటికి సుమారు 30 మందికి కాన్సరు వచ్చినది. తక్కిన 70 మందికి రాలేదు. అది యచ్చటి స్త్రీల లెక్క యైనను మనకు దారి చూపుటకు చాలును. బి.ఆర్.సి.ఏ. జన్యువులలో లోపముతో పుట్టినవారి సంగతి వేఱు. వారిలో నూటికి సుమారు 70 మందికి 80 ఏండ్ల లోపల రొమ్ము కాన్సరు రాగలదు. ముందుగానే రెండు రొమ్ములును తీయించుకొన్నచో ఆ యపాయము నూటికి 90 పాళ్లు తగ్గును. 2013లో ఆంజెలీనా జోలీ యను సినిమానటి యీ కారణముననే శస్త్రము చేయించుకొని పత్రికలో వ్రాసినది. ఆమె తల్లి కాన్సరుతో పోయినది. ఆమె జన్యుపరీక్ష చేయించుకొని తెలిసికొన్నది. అట్టి పరీక్షయే జరుగని మా యమ్మాయికి అదే కత్తి నిర్ణయించుట న్యాయము కాదు. శస్త్రానంతరము అచ్చట స్పర్శ చాలవఱకు పోవును, బిడ్డకు పాలిచ్చుట యుండదు. కొంచెము కణజాలము చర్మము క్రింద మిగులును గనుక అపాయము పూర్తిగా తొలగదు.

"మీ వంశములో నెవరికైన రొమ్ము కాన్సరుగాని అండాశయపు కాన్సరుగాని వచ్చినదా? ఏ వయస్సున?" అని వైద్యురాలు మమ్మడిగెను. మహబూబాబాదులో మా మేనత్తగారు పోయిరి. దేనితో ననిన, "పుండు" అని మాత్రమే విని యుంటిమి. ఆ పుండు రొమ్మున నుండెనని దాసి యొకతె యెన్నడో అన్నది. ఇంటివా రెవ్వరును పలుకలేదు. వయస్సు నలువదియో, అఱువదియో! తల్లివైపువారినే లెక్కించుట మనవారి యలవాటు. కాని యీ లోపము తండ్రినుండియు సంక్రమించును. మా తండ్రిగారి తోబుట్టువునకున్నది మా యక్కకును, ఆమె కుమార్తెకును రావచ్చును. నాడు సిగ్గుచే దాచిన యొక్క మాట నేడీ స్త్రీ నిర్ణయమున కడ్డు నిలిచినది.

కనిపెట్టి యుండుట యనగా ఊరకుండుట కాదు. ఆఱు మాసములకో సంవత్సరమునకో వైద్యపరీక్ష, ఏటేట మామోగ్రాము, అవసరమైనచో ఎం.ఆర్.ఐ. స్కాను. టామోక్సిఫెన్ మాత్రను ఐదేండ్లు వాడినచో అపాయము సగమునకు దిగునని 1998లో వెలువడిన అమెరికా పరిశోధన తెలిపెను. గర్భిణులు దానిని వాడరాదు, రక్తము గడ్డకట్టుట, గర్భాశయపు కాన్సరు వంటి కీడులును కొందఱికి గలవు. ఇదంతయు భూపాలపల్లి స్త్రీకి సులభమా? ఆ యూరినుండి ప్రయాణికుల రైలు లేదు. బస్సులో హనుమకొండకు, అచ్చటినుండి హైదరాబాదుకు పోవలెను. భర్తకు బొగ్గుగనిలో నాటి డ్యూటీ పోవును. పిల్లల నెవరు చూతురు? వంట యెవరు చేయుదురు? వైద్యగ్రంథములలో నివి కానరావు గాని, రెండవ యేట పరీక్ష మాన్పించునవి యివియే.

అమ్మాయి వైద్యురాలి నొక్క ప్రశ్న యడిగినది: "ఇప్పుడు వద్దని, తరువాత కావలెనన్నచో శస్త్రము చేయుదురా?" చేయుదుమని యామె చెప్పెను. దానితో నమ్మాయి కనిపెట్టి యుండుటకే నిశ్చయించుకొన్నది. మాత్రల సంగతి యింకను తేల్చుకొనలేదు. పరీక్షకు పోవునపుడు పిల్లలను దారిలో మా యింట దించును. వంట తామే చూచుకొందుమని అత్తగా రనిరి. జన్యుపరీక్ష మాట మేనత్తగారి సంగతి తెలిసిన పిదప. అందులకై మేము వచ్చు వారము మహబూబాబాదు పోయి, ఆమె పెద్దకుమారుని అడుగవలసి యున్నది.