మాధవమాల కొయ్యబొమ్మలు

తిరుపతి యాత్రకు బోవు సోదరీమణులు శ్రీకాళహస్తికి మరలునపుడు ఏర్పేడు చెంతనున్న మాధవమాల గ్రామమును తప్పక చూడవలయును. అచ్చటి శిల్పులు కొయ్యలో దేవతామూర్తులను చెక్కుచున్నారు.

వారి పని కొయ్యను ఎంచుటతోనే మొదలగును. కొండపల్లివారికి తేలికయైన పొణికి, ఏటికొప్పాకవారికి మెత్తనైన అంకుడు ఎట్లో, ఈ సీమవారికి ఎర్రచందనము అట్లు. శేషాచలపు కొండలలో పెరుగు ఈ వృక్షపు చేవ నీట మునుగునంత బరువు. ఉలికి గట్టిగా నిలిచి సన్నని నగిషీని సయితము చెదరనీయదు. ఆ చేవ ముదురుటకు దశాబ్దములు పట్టును.

ఆ సొగసే చెట్టునకు ముప్పు తెచ్చినది. దొంగచాటు నరకుడుచే అడవి తరుగుచుండగా, 1995లో దీనిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికలో చేర్చిరి. అనుమతి లేక కొట్టుటయు, తరలించుటయు నేరము.

కావున కొనునపుడు పైరంగును జూచి మురియక, బొమ్మను తలక్రిందుచేసి మెరుగు పూయని అడుగుభాగము పరికింపుడు, చేత బరువు చూడుడు, రసీదు అడుగుడు. ఎర్రచందనము దొరకనిచో చింతిల పనిలేదు. టేకుబొమ్మయందును శిల్పి నేర్పు అదియే. బొమ్మల కొలువున దొంగదుంగతో జేసిన ఎర్రని బొమ్మకంటె, న్యాయముగా వచ్చిన టేకుబొమ్మయే ఇల్లాలికి గౌరవము.