తాళం ఎవరి దగ్గరుంది?

విశాఖపట్నం వచ్చిన చుట్టాల్ని ఎవరైనా ఎక్కడికి తీసుకెళతారు? రామకృష్ణా బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం... టైముంటే రుషికొండ. సాయంత్రం మొక్కజొన్నపొత్తు కొనిపెట్టి, నాలుగు ఫొటోలు తీసి రైలెక్కించేస్తారు. నేను మాత్రం వాళ్లని వన్‌టౌన్‌కి లాక్కెళతాను. కొందరు మొహమాటానికి వస్తారు. కొందరు ముక్కు మూసుకుని వస్తారు. ఎండుచేపల వాసన అలవాటు లేనివాళ్లని తప్పుపట్టలేం లెండి!

అసలు ఊరంటే ఒకప్పుడు అదే. హార్బర్ పక్కన మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద మేరీమాత చర్చి. ఇవతల బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు, పైకప్పు లేని గర్భగుడిలో ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటుంది. మార్గశిర గురువారాల్లో ఆ వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. వీటి గురించి పత్రికలు చాలాసార్లే రాశాయి, మా పత్రికతో సహా. ఈసారి నేను రాయాలనుకున్నది గదుల గురించి.

గది అంటే పదిమందికీ పనికొచ్చే చోటు. కష్టమొచ్చినప్పుడు వెళ్లి కూర్చోగలిగే చోటు. అలాంటివి ఈ ఊళ్లో పెద్దపెద్దవే ఉన్నాయి. 1860లో ఒక బడిగా మొదలైంది ఆ తర్వాత మిసెస్ ఏవీఎన్ కాలేజీ అయింది. అంకితం వెంకట నరసింగరావు గారి పేరు, దాని ముందు 'మిసెస్'. ఇల్లాలిని అలా ముందు నిలబెట్టిన కాలేజీ ఇంకోటి నేను వినలేదు. సి.వి.రామన్ చదివింది అందులోనే. కలెక్టర్ టర్నర్ పేరు మీద సత్రం ఉంది. పాత టౌన్‌హాలు ఉంది. 1923లో తెరిచిన కింగ్ జార్జి ఆసుపత్రి సంగతి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి ఇవతలి దాకా ఎవరికి ప్రాణం మీదికొచ్చినా 'పెద్దాసుపత్రి' అంటే అదే.

వీటికి శిలాఫలకాలున్నాయి, చరిత్రలున్నాయి. సముద్రం ఒడ్డున జాలరిపేటల్లో ఉండే సంఘం గదికి మాత్రం శిలాఫలకం ఉండదు. మహా అయితే ఎప్పటిదో ఎమ్మెల్యే గారి పేరు, సగం చెరిగిపోయి.

హార్బర్‌కి దగ్గర్లో ఒక పేట. ఊరు చెప్పను, ఎందుకంటే ఇలాంటి పేటలన్నిట్లోనూ గది ఇంచుమించు ఇలాగే ఉంటుంది. రేకుల కప్పు. మూలన చుట్టచుట్టి పెట్టిన తాళ్లు, నారింజరంగు లైఫ్ జాకెట్లు నాలుగు. ఒక టీవీ, ఒక క్యారమ్‌బోర్డు, గంగమ్మతల్లి పటం. గోడ మీద ఎర్ర పెయింటుతో పెద్దపెద్ద అంకెలు: కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసులు 1093, అంబులెన్సు 108. సంద్రంలో బోటు ఆగిపోతే ఎవరికి చెప్పాలో రెండో తరగతి పిల్లాడు కూడా చదివి చెప్పగలడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గదికి తాళం వేసి ఉంది. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే, వల అల్లుతున్న పెద్దాయన తలెత్తకుండానే చెప్పాడు. "ఎవురి దగ్గరో ఉంటాది బాబూ. పనేటో సెప్పు, దాన్నిబట్టి ఎవురి దగ్గరుందో సెప్తాను."

ఆ మాటలో చాలా ఉందని తర్వాత్తర్వాత తెలిసింది. తుపాను కబురైతే తాళం ఒకాయన తెస్తాడు. తగువైతే పెద్దమనుషులు తెస్తారు. కాగితాల పని అయితే, చదువుకున్న కుర్రాడొకడు తెస్తాడు. సంఘం గది ఒకటే, సంఘాలు మాత్రం మూడు నాలుగు. కులపెద్దల సంఘం ఏ రిజిస్ట్రేషనూ లేకుండా తరాలుగా నడుస్తోంది. మత్స్యకార సహకార సంఘం రిజిస్టరైంది, సర్కారు పథకాలు ఆ దారిన వస్తాయి. బోటు యజమానుల సంఘం వేరు, కళాసీలది వేరు. అమ్మవారి పండగ కమిటీ మరీ వేరు. చందాల్లో మాత్రం దాన్ని కొట్టేవాళ్లు లేరు!

తుపాను కబురు ఎలా వస్తుందో చూడండి. పోర్టుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. మూడంటే ఈదురుగాలులు. పదంటే తుపాను ఈ ఊరి మీదుగానో, బాగా దగ్గర్నుంచో దాటబోతోందని. మరి పదకొండు? తుపాను హెచ్చరికల కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని. "పదకొండంటే ఇంక మనకి మనవే" అన్నాడా పెద్దాయన, అంతకన్నా బాగా ఏ అధికారీ వివరించలేడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊరంతా సరిగ్గా అలాగే అయింది. కరెంటు లేదు, ఫోను లేదు. రామాలయం మైకు కూడా మూగబోతే కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెట్టారట. సంఘం గది రేకులు కూడా ఆరోజే ఎగిరిపోయాయి. మళ్లీ వేయించడానికి చందా ఎవరెంత ఇచ్చారో గోడ మీద ఇప్పటికీ ఉంది.

అంతకుముందు 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడైతే ముందుగా చెప్పే ఏర్పాటే లేదు. ఇప్పుడు ఉంది. 2007 అక్టోబరు నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. సముద్రం మొహం చూడని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతి చెప్పడమేంటని పేటలో నవ్వుకుంటారు గానీ, చేపలు ఎటువైపు, ఎంత దూరంలో, ఎంత లోతులో దొరకొచ్చో అదే సంస్థ పంపే కబురు కోసం ఎదురుచూసేవాళ్లూ వాళ్లే.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ గదిలో అన్నిటికన్నా విలువైంది టీవీ కాదు, లైఫ్ జాకెట్లు కూడా కాదు. దారంతో కుట్టిన ఒక పుస్తకం. ఏ బోటు ఏ రోజు వెళ్లింది, ఎవరెవరు ఎక్కారు. అంతే ఉంటుంది అందులో. పెన్సిల్‌తో రాసిన పేర్లు, ఉప్పుగాలికి మెత్తబడిన కాగితాలు.

దాని విలువ నాకు ఒకావిడ చెప్పింది. ఆమె భర్త కళాసీ. రోజూ వెళ్లే బోటులో మనిషి తగ్గితే, మరో బోటు ఎక్కి వెళ్లాడు. అలలకి జారిపోయాడని తోటివాళ్లు వచ్చి చెప్పారు. శవం దొరకలేదు. శవం దొరక్కపోతే మరణ ధ్రువపత్రం రాదు. ధ్రువపత్రం లేకపోతే పింఛను లేదు, బీమా లేదు, రేషన్‌కార్డులో ఆయన ఇంకా ఇంటి మనిషే! మనిషి ఏడేళ్లపాటు ఎవరికీ కనిపించకుండా, కబురు లేకుండా పోతేనే చట్టం చనిపోయినట్టు భావిస్తుంది. పాత సాక్ష్య చట్టం తీసేసి 2024 జులై నుంచి కొత్తది తెచ్చినా ఈ ఏడేళ్ల మాట మారలేదు. అంతకన్నా ముందే తేలాలంటే సాక్ష్యం కావాలి. ఆరోజు ఆ బోటు ఎక్కాడన్న సాక్ష్యం. తోటి కళాసీల మాట ఉంది, సరే. కాగితమేదని ఆఫీసులో అడిగారు.

"పుస్తకం తెచ్చి సూపించినారు బాబూ. ఆడి పేరు పాత బోటు కిందే ఉంది. బోటు మారినాడని ఎవులూ రాయలేదు" అందావిడ. ఏడుపు లేదు, కోపం లేదు. చేపలు కోస్తూనే చెప్పింది. ప్రమాద బీమా కింద మత్స్యకారుడు చనిపోతే కేంద్ర పథకంలో అయిదు లక్షలు ఇస్తారు. ఆ అయిదు లక్షలకీ ఈవిడకీ మధ్య ఒక పెన్సిలు గీత అడ్డం పడింది.

ఇలాంటివి విన్నాక, సంఘాల గురించి మనం రాసే మాటలు... ఐకమత్యం, సేవ, స్ఫూర్తి... కాస్త పలచగా కనిపిస్తాయి. ఒక మనిషి పొద్దున్నే మూడింటికి లేచి, చలిలో కూర్చుని, ఎక్కిన ప్రతివాడి పేరూ సరిగ్గా రాయడం. నా లెక్కలో సంఘమంటే ముందు అదీ! దానికి జీతం లేదు, దండలు వేసేవాళ్లు లేరు.

2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయినప్పుడు కూడా తెల్లారేసరికి అందరూ వెతికింది కాగితాల్నే. బోటుకి నంబరుంటుంది, యజమానికి పత్రాలుంటాయి. ఆ బోటు మీద పనిచేసి తినే కళాసీకి ఏముంటుంది?

ఆడవాళ్ల మాట మర్చిపోలేదు. సంఘం గదిలోకి వాళ్లు రారు. రావద్దని ఎవరూ అనరు, రమ్మని కూడా అనరు. వాళ్ల డ్వాక్రా మీటింగు రామాలయం అరుగు మీదే. తాళం లేని చోటు కాబట్టి తాళం గొడవే లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులకి బోటు మీద వెళ్లేవాళ్లకి ఇచ్చే సాయం పదివేలు ఉండేది, 2025లో ఇరవై వేలు చేశారు. మంచిదే. కానీ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే ఆవిడకి కూడా ఆ రెండు నెలలూ చేప లేదు కదా? ఆవిడ పేరు ఏ జాబితాలోనూ లేదు. అప్పుడు పొయ్యి వెలిగించేది అరుగు మీది పొదుపు డబ్బే. ఇంటర్ చదివిన కోడలుపిల్ల లెక్కలు రాస్తుంది. ఒక్క అంకె కొట్టివేత ఉండదు. ఆ బోటు పుస్తకం కూడా ఈ అమ్మాయికిస్తే పోలా, అన్నాను ఒకసారి. పెద్దమనుషులు నవ్వి ఊరుకున్నారు. అమ్మాయి నవ్వలేదు.

ఇంకో గది సంగతి కూడా చెప్పాలి. రీడింగ్‌రూమ్. ఇంటిపన్ను కట్టేటప్పుడు రసీదు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి చట్టం అది. అంటే మీ వీధిలో లైబ్రరీ ఉన్నా లేకున్నా, మీరు దానికి డబ్బు కడుతూనే ఉన్నారు! వసూలు చేసిన మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థకి ఆ డబ్బు సరిగ్గా జమ చేస్తే, జాలరిపేటలో కూడా నాలుగు పోటీపరీక్షల పుస్తకాలుంటాయి. ఈ పేటలో రీడింగ్‌రూమ్ అంటే సంఘం గది వరండాలో ఒక బల్ల, రెండు దినపత్రికలు. కానిస్టేబుల్ పరీక్షకి చదివే కుర్రాడు వీధిలైటు వెలుతురులో అక్కడే కూర్చుంటాడు. మా ఆదివారం పుస్తకం కూడా వస్తుందని మురిసిపోయాను. సోమవారం దాంట్లో మెత్తళ్లు పొట్లం కట్టి నాకే ఇచ్చారు.

మొన్న జూన్ 14 రాత్రి వెళ్లాను. నిషేధం ముగిసే రోజు కదా, పేటంతా తిరునాళ్లలా ఉంది. ఐసు లోడవుతోంది, డీజిల్ డ్రమ్ములు దొర్లుతున్నాయి, గంగమ్మకి కొబ్బరికాయలు కొడుతున్నారు. సంఘం గది బార్లా తెరిచి ఉంది. బల్ల మీద కొత్త పుస్తకం, ఈసారి అట్టబైండు, పెన్ను కూడా బాల్‌పెన్ను. పేరు, బోటు నంబరు, బోటు మారితే ఆ సంగతి, ఆఖర్న కొత్తగా గీసిన గడి ఒకటి: 'ఎవరికి చెప్పాలి'. అక్కడ ఫోన్ నంబరు రాయాలి. రాస్తున్నది ఆ కోడలుపిల్లే. గడప లోపలికి రాలేదు, గుమ్మం మీద కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నంబర్లు చెబుతున్నారు. ఒకడు వాళ్లమ్మ నంబరు చెప్పాడు. పెళ్లయి ఆరునెలలు కాలేదు. "మరి నీ పెళ్లానికి ఎవులు సెప్తారు?" అందా అమ్మాయి తలెత్తకుండానే. అందరూ గొల్లుమన్నారు. వాడు కాసేపు తల గోక్కుని, రెండో నంబరు కూడా చెప్పాడు. గడి చాలలేదు, మార్జిన్‌లో రాసింది.