కొత్త మోకాళ్ళతో నయాగరా యాత్ర

2024 జూలైలో అమ్మకు నయాగరా చూపిద్దామని బయల్దేరాం. అంతకు ఏడాది ముందే విజయవాడలో ఆమెకు రెండు మోకాళ్ళూ మార్పించాం. గుంటూరులో వైద్యం చదివి, ఇక్కడ రోజూ రోగులకు జాగ్రత్తలు చెప్పే మేము, ఇంట్లో మనిషికి చెప్పాల్సిన ఒక్క ముక్క మరిచాం.

మా ఊరి విమానాశ్రయంలో మేము ముందు దాటేశాం. వెనక అమ్మ రాగానే తలుపు చట్రం కుయ్యిమంది. గాజులు తీసింది. మళ్ళీ కుయ్యిమంది. ఆఫీసరు ఇంగ్లీషులో ఏదో అడిగింది. అమ్మ మెడలో చెయ్యి పెట్టుకుని, మా వైపు చూసి, "పుస్తెలు కూడా తియ్యాలట్రా?" అంది. మమ్మల్ని వెనక్కి రానివ్వలేదు. అందరి ముందూ ఒళ్ళంతా తడిమి పంపారు. హైదరాబాదులో అయితే తెర చాటున ఆడవాళ్ళే చూసి పంపుతారు. ఆమె ఎరిగిన పద్ధతి అది.

నయాగరాలో నీలం రెయిన్‌కోటు తొడుక్కుని పడవెక్కింది గానీ, మనసు అక్కడ లేదు. రాత్రి హోటల్లో, "తిరిగి వెళ్ళడానికి రైలు లేదా నాయనా?" అని అడిగింది.

అప్పుడు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాం. ఆ చట్రం అయస్కాంత తరంగాలు పంపుతుంది. మోకాల్లో ఉన్న కోబాల్టు-క్రోమియం, టైటానియం లోహాలు వాటికి బదులు పలుకుతాయి. తప్పు ఆమెదీ కాదు, యంత్రానిదీ కాదు. చేతులెత్తి నిలబడే స్కానరు వేరు. అది ఎక్స్‌రే కాదు. దాని తరంగాలు చర్మం దాటి లోపలికి పోవు. కనుక లోపలి కీలు కంటే చీర కుచ్చిళ్ళే దానికి అనుమానం తెప్పించవచ్చు. తడిమి చూడాల్సి వస్తే ఆడ ఆఫీసరే చూడాలి. వేరే గదిలో చూడమని అడగవచ్చు, తోడు ఒకరిని ఉంచుకోవచ్చు. డాక్టరిచ్చిన కార్డు చూపితే సంగతి తెలుస్తుంది గాని, తనిఖీ తప్పదు. ప్రయాణానికి 72 గంటల ముందు టీఎస్ఏ వారి సహాయ విభాగానికి ఫోను చేస్తే సాయం ఏర్పాటు చేస్తారు.

మర్నాడు బఫెలోలో ఈసారి అమ్మను ముందు నడిపించి మేము వెనక నిలబడ్డాం. నేర్పిన మాటలు తనే చెప్పింది: "బోత్ నీస్ మెటల్. రూమ్ ప్లీజ్." ఆఫీసరమ్మ నవ్వి గదిలోకి తీసుకెళ్ళింది. కాసేపటికి అమ్మ కొంగు సర్దుకుంటూ, తలెత్తుకుని వచ్చింది.

ఈ వేసవికి మనలో చాలామంది పెద్దవాళ్ళను పిలిపించుకుంటాం. పచ్చళ్ళ జాబితాతోబాటు ఈ సంగతీ ఫోనులో చెప్పండి. పేస్‌మేకరు ఉన్నవారు చట్రం దగ్గరకు వెళ్ళకముందే చెప్పాలి. భుజం నొప్పితో చేతులెత్తలేనివారూ అంతే.

విమానంలో అమ్మ అన్నమాట మాకింకా గుచ్చుకుంటూనే ఉంది: "ఈ ముక్క ముందే చెప్పి ఉంటే, ఆ జలపాతం నేనూ చూసి ఉండేదాన్ని కదరా!"