బాపు కెమెరాతో బోరా బజార్ దాకా

వర్లీ బీడీడీ చాళ్‌లో మా అక్క ఉండే ఖోలీని నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని కబురొచ్చింది. ఫోన్‌లో ఆ మాట వినగానే షోలాపూర్‌లో మా బాపు మంచం కింది ట్రంకుపెట్టె తీయమన్నాడు. పాత ధోతీలో చుట్టిపెట్టిన కెమెరా నా చేతికిచ్చి, "దీన్ని బాగు జేయించి, ఆ ఖోలీ ఫోటో దీంతోనే తియ్‌రా. నేనింక ఆ మెట్లు ఎక్కలేను" అన్నాడు. నా జేబులో ఉన్న ఫోన్‌తో వంద ఫోటోలు తీయొచ్చని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ కెమెరాకీ నాకూ ఒక పాత లెక్క ఉంది.

అది ఫెడ్-2. రష్యా కెమెరా అని మేము అనేవాళ్ళం గానీ, నిజానికి తయారైంది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ఊళ్ళో. దిక్కులేని పిల్లలను చేరదీసి పని నేర్పిన ఒక కమ్యూన్‌లో, జర్మనీ లైకా కెమెరాను చూసి 1934లో ఫెడ్‌లు చేయడం మొదలుపెట్టారు. ఫెడ్-2 అనే రకం 1955 నుంచి వచ్చింది. బాపు ముంబై గిరణిలో సాంచాల మీద పనిచేసేటప్పుడు చోర్ బజార్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దానికి లెన్సు మూత లేదు. కొన్నప్పుడు ఉండేదట, తర్వాత ఎటో పోయింది.

1981లో నాకు పదేళ్ళు. బాపు రాత్రి పాళీకి పోయిన రోజున కెమెరా తీసి, పైన అంకెలున్న చక్రాన్ని అటూ ఇటూ తిప్పాను. ఆ తర్వాత కడిగించిన రోలులో ప్రతి ఫోటోకూ కుడివైపు పై మూలన తెల్లటి చుక్క పడింది. పక్క ఖోలీ వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో కూడా అదే చుక్క. "నువ్వు తిప్పినవా?" అని బాపు అడిగాడు. అవునన్నాను. చెంప ఛెళ్ళుమంది. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికుల ఇళ్ళల్లో పొయ్యి వెలిగితే చాలనుకునే రోజులు. కెమెరాలో రోలు వేయించే మాటే లేదు. ఖోలీ అక్కకూ బావకూ అప్పగించి మేము షోలాపూర్ వచ్చేశాం. ఆ చుక్క మాత్రం నా పేరు మీదే ఉండిపోయింది.

రాత్రి సిద్ధేశ్వర్ ఎక్కి పొద్దున సీఎస్ఎంటీలో దిగాను. స్టేషన్ ఎదురు రోడ్డు దాటితే బోరా బజార్. సందు ఇరుకు, చేతిబండ్లు, పైనుంచి వేలాడే కరెంటు తీగలు. కెమెరాలు అమ్మే కొట్లు ఎన్నో ఉన్నాయి గానీ, ఫిల్ము కెమెరా లోపలి పని చేసేవాళ్ళు తక్కువ. అడుగుతూ పోతే ఒక మేడ మీది చిన్న గదికి పంపారు. డెబ్బై దాటిన మనిషి, కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. కెమెరా అందుకుని, కీ తిప్పి, బటన్ నొక్కాడు. తెర సగం దాకా వచ్చి ఆగిపోయింది.

వెనక మూత తీసి నాకు చూపించాడు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆ షట్టర్ అంటే బట్టే! రబ్బరు పూసిన నల్లటి పల్చటి బట్ట. రెండు తెరలు, వాటిని చుట్టుకునే రోలర్లు, లాగే స్ప్రింగులు. బటన్ నొక్కగానే మొదటి తెర పక్కకు పరుగెత్తుతుంది, దాని వెనకే రెండోది వస్తుంది. రెండింటి మధ్య సందులోంచే వెలుగు ఫిల్ము మీద పడుతుంది. వేగం పెంచితే సందు సన్నబడుతుంది, తగ్గిస్తే వెడల్పవుతుంది. ఒక తెర బిగువు, ఇంకో తెర వదులు అయితే ఫోటో ఒక పక్క నల్లబడుతుంది. వింటుంటే మన సాంచా గురించి చెబుతున్నట్టే ఉంది. బీము బిగువు తప్పితే బట్ట ఏమవుతుందో నేను ముప్పై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

"రబ్బరు ఎండి అట్ట కట్టింది. అందుకే తెర కదలడం లేదు" అన్నాడాయన. తర్వాత రెండో తెరను దీపానికి ఎదురుగా పట్టాడు. సూది మొనంత వెలుగు కనిపించింది. నా గుండె జల్లుమంది. అదే చుక్క. నేను చేసిన పని ఆయనకు చెప్పేశాను. ఆయన నవ్వి, భూతద్దం నా చేతికిచ్చాడు. బెజ్జం అంచులు కాలి ఉన్నాయి.

"చక్రం తిప్పితే బట్టకు బెజ్జం పడదు. ఇది ఎండ చేసిన పని. ఈ రకం కెమెరాలో లెన్సుకూ తెరకూ మధ్య అద్దం ఉండదు. మూత లేకుండా సూర్యుడికి ఎదురుగా పెడితే, పిల్లలు భూతద్దంతో కాగితం కాల్చినట్టే తెర కాలుతుంది. ఫోటోలో చుక్క ఎక్కడుందో, ఆ రోజు సూర్యుడు కూడా అక్కడే ఉండి ఉంటాడు."

మా ఖోలీ కిటికీ పడమటి వైపు. పాళీ నుంచి వచ్చాక బాపు కెమెరాను ఆ గట్టు మీదే పెట్టేవాడు.

బెజ్జం ఒక్కటే అయితే సాగే నల్లరంగు పల్చగా పూసి మూయొచ్చట. మందంగా పూస్తే తెర బరువెక్కి నెమ్మదిస్తుంది. మా బట్ట మొత్తం పాడైంది కాబట్టి రెండు తెరలూ మార్చాలన్నాడు. పాతదాన్ని కొలతగా పెట్టి కొత్త బట్ట మీద గీత గీశాడు. గీత పోగు వెంట లేదనిపించి, "కొంచెం వంకర ఉంది సాబ్" అన్నాను. ఆయన తలెత్తి చూసి, "గిరణీ వాళ్ళా?" అని అడిగి, మళ్ళీ గీశాడు. బట్ట వంకరగా తెగితే సందు పైన ఒక రకం, కింద ఒక రకం అవుతుందట. జిగురు ఆరాలి కాబట్టి రేపు సాయంత్రం రమ్మన్నాడు. రెండు వేల ఐదొందలు అడిగాడు. ఈ పని ఎవరికైనా నేర్పుతున్నారా అంటే, "కొడుకు బ్యాంకులో ఉన్నాడు" అని మాత్రం అన్నాడు.

లోకల్‌లో కర్రీ రోడ్ దిగి వర్లీకి పోయాను. దారి పొడుగునా గిరణీలు ఉన్న చోట అద్దాల మేడలు లేచాయి. 1920లలో కట్టిన బీడీడీ చాళ్‌లు మాత్రం అలాగే ఉన్నాయి: నడుమ చీకటి వరండా, రెండు పక్కలా 160 చదరపు అడుగుల ఖోలీలు, అంతస్తుకు ఉమ్మడి దొడ్లు. వీటిని పడగొట్టి 500 చదరపు అడుగుల ఇళ్ళు ఇస్తున్నారు. అక్కకు సంతోషమే. "మోకాళ్ళ నొప్పితో ఆ దొడ్డి దాకా పోలేక చస్తున్న. లిఫ్ట్ ఉంటదంట" అంది. అని, గోడకున్న మేకును తడిమింది. బావ డబ్బా సంచి తగిలించే మేకు అది. బావ పోయి పదకొండేళ్ళు.

మర్నాడు కొట్టుకు పోతే, ఆయన లెన్సు తీసేసిన కెమెరాను ఒక పాత డబ్బా టీవీ ఎదురుగా పట్టి బటన్ నొక్కాడు. వెనక నుంచి చూస్తే తెర మీద వాలుగా ఒక వెలుగు పట్టీ మెరిసింది. ఆ పట్టీ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఒకే వెడల్పు ఉంటే రెండు తెరలూ సమానంగా పరుగెడుతున్నట్టు. మూడుసార్లు స్ప్రింగు మర సర్ది, నాలుగోసారి తల ఊపాడు. "500 నమ్మకు. 125 లోపు వాడుకో" అన్నాడు.

ఆ రాత్రీ మర్నాడు పొద్దునా ఒకే రోలు, 36 ఫోటోలు. కంటి దగ్గర రెండు బొమ్మలు కనిపిస్తాయి, అవి ఒకటయ్యేదాకా లెన్సు తిప్పాలి. తొందరపడితే కుదరదు. అక్కను మేకు పక్కన, వరండాలో, దొడ్డి ముందు క్యూలో కూడా నిలబెట్టాను. "అదెందుకురా!" అని తిట్టింది, నవ్వింది.

మన ఇళ్ళల్లో ఇలాంటి కెమెరాలు ఇంకా ఉండొచ్చు. నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను. బిగిసిన షట్టర్‌ను బలవంతంగా తిప్పొద్దు, నూనె పోయొద్దు. ఫెడ్ లాంటి వాటిలో ముందు కీ తిప్పి, ఆ తర్వాతే వేగం మార్చాలి. కీ తిప్పి ఉంచి దాచొద్దు, స్ప్రింగు అలసిపోతుంది. లెన్సుకు మూత పెట్టండి.

ఫోటోలు కడిగించి షోలాపూర్ తెచ్చాక బాపు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాడు. ముందుగా ఆయన బొటనవేలు కుడివైపు పై మూలకే పోయింది. చుక్క లేదు. ఎండ సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"పొద్దుగూకేటప్పుడు ఆ కిటికీలకెల్లి ఎండ నేరుగ వొస్తుండె" అన్నాడు చివరికి. మేకు పక్కన నిలబడ్డ అక్క ఫోటో విడిగా తీసి దిండు కింద పెట్టుకున్నాడు. పడుకోబోతూ మళ్ళీ పిలిచాడు.

"ఆ మూత యాడ పోగొట్టిన్నో ఇప్పటికీ యాదికొస్తలేదురా."