పెరుగు ఒక్కటే చాలదు

కొన్నేళ్ల క్రితం మా మదర్సా వసతిగృహంలో ఎనిమిదేళ్ల బాలుడొకడు ఉండేవాడు. ఒక శీతాకాలపు ఉదయం ఫజ్ర్ నమాజు తర్వాత అతనికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పెరుగులో మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయనీ, అవి రోగాన్ని ఎదుర్కొంటాయనీ నేను చదివి ఉన్నాను. మెడికల్ షాపు నుండి ప్రోబయోటిక్ పొడి తెప్పించి, పెరుగులో కలిపి తినిపించాను. నీళ్లు తాగినప్పుడల్లా వాంతి అవుతోందని నీళ్లు మాన్పించాను. “హజ్రత్, దాహంగా ఉంది” అని అతను మూడుసార్లు అడిగాడు. “కాస్త ఓర్చుకో బేటా” అన్నాను.

అస్ర్ వేళకు పిల్లవాడి కళ్లు లోతుకు పోయాయి. నాలుక పిడచకట్టింది. ఏడుస్తున్నా కన్నీరు రాలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. సెలైన్ ఎక్కించారు. డాక్టరుగారు నెమ్మదిగా ఇలా చెప్పారు: “ఇది వైరస్ వల్ల వచ్చినట్లుంది మౌలానాగారూ. ఈ జబ్బులో పిల్లలకు అసలు ప్రమాదం ఒంట్లోని నీరు, లవణాలు పోవడమే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఓఆర్ఎస్ నీటిని చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. ఆపకూడదు.”

అల్లాహ్ దయవల్ల బాలుడు కోలుకున్నాడు. కాని అరకొర జ్ఞానంతో వైద్యం చేయబోయిన నా మనసు కుదుటపడలేదు. ఆ తర్వాత ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకున్నాను.

పులిసిన పాలలోని సూక్ష్మజీవులు ఆరోగ్యానికి మేలు చేస్తాయని వందేళ్ల క్రితమే ప్రచారం చేసినవారు మెచ్నికాఫ్. రోగనిరోధక శక్తిపై చేసిన పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త ఆయన. మన పేగుల గోడల వెంబడి రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో కాపలా ఉంటాయి. అక్కడ నివసించే మేలైన బాక్టీరియా మనం తిన్న పీచుపదార్థాన్ని పులియబెట్టి, పేగు గోడకు పోషణనిచ్చే ఆమ్లాలను తయారుచేస్తాయి. శత్రువేదో, మిత్రుడేదో గుర్తించడంలో ఆ కణాలకు శిక్షణనిస్తాయి. ఇదంతా సృష్టికర్త చేసిన అద్భుతమైన ఏర్పాటు.

అయితే ప్రోబయోటిక్ అన్న ప్రతిదీ ప్రతి జబ్బుకూ మందు కాదు. ఒడిశా గ్రామాలలో సుమారు 4,500 మంది నవజాత శిశువులపై జరిగి, 2017లో వెలువడిన పరిశోధనలో, ఒక ప్రత్యేకమైన బాక్టీరియా రకాన్ని పీచుపదార్థంతో కలిపి ఇవ్వగా రక్తాన్ని విషతుల్యం చేసే ఇన్ఫెక్షన్లు గణనీయంగా తగ్గాయి. కాని 2018లో అమెరికా, కెనడాలలో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలలో, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన చిన్నపిల్లలకు వేరే రకాలు ఇస్తే ప్రయోజనం కనిపించలేదు. జలుబు వంటి వాటిలో కొంత మేలు కనిపించినా, ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి. బాక్టీరియా రకం, మోతాదు, జబ్బు – ఈ మూడింటిని బట్టి ఫలితం మారుతుంది.

కనుక సోదరీమణులారా! పిల్లలకు పెరుగన్నం పెట్టండి, అది మంచి ఆహారం. కాని విరేచనాలు పట్టుకుంటే ముందుగా లీటరు శుభ్రమైన నీటిలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి తాగించండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకండి. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వైరస్ జబ్బుకు యాంటీబయోటిక్ పనిచేయదు. పైగా మేలైన బాక్టీరియానూ చంపుతుంది. పసిపిల్లలకు రోటావైరస్ టీకా చుక్కలు తప్పక వేయించండి. మన దేశంలో 2016లో ఈ చుక్కలు మొదలైన తొలి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. చికిత్స చేయించుకోమన్నది మన ప్రవక్త (స) బోధనే.

ఆ బాలుని తల్లి వచ్చినప్పుడు జరిగినదంతా దాచకుండా చెప్పాను. బిడ్డ ఆమె నా చేతికి అప్పగించిన అమానతు కదా! ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. చివరకు, “ఇకమీదట వాడు నీళ్లడిగితే ఇవ్వండి హజ్రత్” అని మాత్రం అంది.

నేటికీ నా గది అలమారలో, కితాబుల పక్కనే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటాయి.