తల వైపు పట్టుకున్నది నేనే

రెండేండ్ల కింద కోదాడ దగ్గర హైవే మీద మా కాక బండి పడితే నలుగురం ఎత్తి ఆటోల ఏసినం. తల వైపు పట్టుకున్నది నేనే.

ఇప్పుడు సూర్యాపేటల హాస్టల్‌ల ఉండి అనస్థీషియా టెక్నీషియన్ కోర్సు చదువుతున్న. మెడకు దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే ఊపిరి గొట్టం ఏసేటప్పుడు తల వెనక్కి వంచొద్దు. ఒకరు రెండు చేతులతోటి తల పట్టాలె, కాలర్ ముందు భాగం తియ్యాలె, లేకుంటే నోరు సరిగ తెరుచుకోదు. 1943 నాటి మాకింతోష్ బ్లేడుతోటి గొంతు లోపల కనబడాలంటే గట్టిగ ఎత్తాలె. వీడియో లారింగోస్కోపుకు కొసన కెమెరా ఉంటది, తక్కువ ఎత్తినా తెర మీద కనబడ్తది. నాకైతే అదే నచ్చింది. కానీ రక్తం అంటితే కెమెరా గుడ్డిదే, అందుకే బూజీ అనే సన్నటి కడ్డీ పక్కన ఉంచుకుంటరు.

మిర్యాలగూడ రోడ్డయినా, మన తండా బాటయినా, ఎవరన్న పడితే 108 వచ్చేదాక తల కదలనియ్యకండి. కాకకు కుడిచెయ్యి ఇప్పటికీ తిమ్మిరే. అది దెబ్బదో, నేను ఎత్తిన తీరుదో అడగడానికి నాకింకా ధైర్యం రాలే.