మాట తెలిసిన రాగం

గుస్తావ్ మాహ్లర్ పేరు మన కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు తెలుగువారికి అంతగా పరిచయం లేదు. కాని ఆయన పెరిగిన చోటు గురించి వింటే మనవాడే అనిపిస్తాడు. 1860లో బొహీమియాలోని ఒక పల్లెలో యూదుల ఇంట పుట్టాడు. ఆ ఏడే కుటుంబం ఇగ్లావు పట్టణానికి చేరింది. చుట్టూ చెక్ భాష, నడుమ ఆ పట్టణంలోనూ పక్క పల్లెలు కొన్నింటిలోనూ జర్మన్. అటువంటి చోటును వాళ్లు భాషాద్వీపం అంటారు. కరిసల్ సీమలో, తమిళం నడుమ, గడప లోపల తెలుగు మాట్లాడుకునే మనకు ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు.

నేను చెప్పదలచినది ఆయన సంగీతం ఉన్న ఒక రికార్డు గురించి. మ్యూనిక్‌లోని బవేరియన్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రా, రఫాయెల్ కుబెలిక్ నిర్వహణలో, 1967లో మాహ్లర్ మొదటి సింఫనీనీ, 1968లో ఆయన 'దేశదిమ్మరి పాటలు' నాలుగింటినీ రికార్డు చేసింది. పాడినవాడు ఫిషర్-డీస్కౌ. తరువాత రెండూ ఒకే సీడీలో వచ్చాయి. కుబెలిక్ కూడా పరదేశవాసే. 1948లో చెక్ దేశం కమ్యూనిస్టుల చేతికి పోగా వెళ్లిపోయి, మళ్లీ 1990లోగాని అక్కడ కచేరీ చేయలేదు.

ఈ రెండింటినీ జతచేయడం కంపెనీవారి యుక్తి మాత్రమే కాదు. 1896లో బెర్లిన్‌లో మాహ్లరే ఒకే కచేరీలో రెండూ వినిపించాడు. కారణముంది. పాటలు ముందు పుట్టాయి. 1884-85 ప్రాంతంలో కాసెల్ నాటకశాలలో పనిచేస్తూ, ఒక గాయని మీద పెంచుకున్న ప్రేమ ఫలించక, తానే మాటలు కూర్చి రాశాడు. ఆ బాణీలలో కొన్నింటిని తరువాత మాటలు లేకుండా సింఫనీలోకి తెచ్చాడు.

రెండో పాటలో ఒక యువకుడు పొద్దున్నే పొలాల మీదుగా నడుస్తుంటాడు. పిట్ట పలకరిస్తుంది, పువ్వు పలకరిస్తుంది, లోకమంతా బంగారంగా కనబడుతుంది. చివరికి, నా సుఖం కూడా ఇప్పుడు మొదలవుతుందా అని తన్ను తాను అడుగుకొని, లేదు, అది ఎన్నడూ పూయదు అని తానే జవాబు చెప్పుకుంటాడు. సింఫనీ మొదటి భాగంలో ఈ బాణీనే చెల్లోలు ఎత్తుకుంటాయి. అక్కడ తెల్లవారడం ఉంది, నడక ఉంది, ఉల్లాసం ఉంది. ఆ చివరి 'లేదు' మాత్రం లేదు. పాట తెలియనివాడు హాయిగా విని లేస్తాడు. తెలిసినవాడికి ఆ ఉల్లాసం అడుగున 'లేదు' వినబడుతూనే ఉంటుంది. స్వరాలు అవే, విన్నది మాత్రం వేరు.

మనకిది కొత్తేమీ కాదు. కారుకురిచ్చి అరుణాచలం వంటి నాదస్వర విద్వాంసుడు కాపురమున్న ఊరు కోవిల్‌పట్టి. ఈ వైపు పెళ్లి పందిళ్లలో త్యాగరాజస్వామి తెలుగు మాటలు లేకుండా నాదస్వరంలోనే వినబడుతూ వచ్చాడు. విరుదునగర్‌లో మావాళ్ల పెళ్లి ఒకదానిలో 'నగుమోము' వాయించారు. పిల్లలు తలలూపుతున్నారు. పేరును బట్టి అది నవ్వుమొగం పాట, పెళ్లికి తగినదే అనుకున్నారు. పక్కన కూర్చున్న మా పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆ మొగం కనబడలేదని ఏడ్చే పాట కదరా అబ్బాయీ ఇది" అన్నది. పెదనాన్న పోయిన ఏడాది అది. ఆమెకు తెలుగక్షరాలు రావు, చెవితో నేర్చిన మాటలే. ఆ పందిట్లో పాట మొత్తంగా విన్నది బహుశా ఆమె ఒక్కతే.

మాటలు పోయినా రాగం మిగులుతుందని మనం ఓదార్చుకుంటూ ఉంటాం. భాష విషయంలోనూ అంతే అంటాం. పిల్లలకు తెలుగు రాకపోతేనేం, ఇంటిపేరు ఉంది, కులదైవం ఉంది, యాస ఉంది అంటాం. నేను సగమే ఒప్పుకుంటాను. మాట తెలిసినవారు ఒక్కరైనా ఇంట్లో ఉన్నంతకాలమే రాగం మాట్లాడుతుంది. ఆ తరువాత అది ఒట్టి ఇంపైన చప్పుడు.

ఈ సంగతి మన పొరుగున ఉన్న ఎట్టయాపురంలో ఎరిగినవారున్నారు. సుబ్బరామ దీక్షితులుగారు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని అక్కడ తెలుగు లిపిలోనే అచ్చువేయించారు. స్వరం, దాని కింద సాహిత్యం, రెండూ కలిపి ఇచ్చారు. మాట వేరు, బాణీ వేరు అని వారు విడదీయలేదు. ఆ పుస్తకం పుట్టిన గడ్డ మీద ఇవాళ దానిని అక్షరం కూడబలుక్కొని చదవగల తెలుగు పిల్లలెందరు?

ఇగ్లావు జర్మన్‌వారిని రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వెళ్లగొట్టారు. ఆ భాషాద్వీపం అలా మునిగింది. మనల్ని ఎవరూ వెళ్లగొట్టలేదు, మాట్లాడవద్దనీ అనలేదు. మన ద్వీపం మునిగితే ఆ నీరు మన ఇంట్లోంచి వచ్చినదే అవుతుంది.

ఆ రికార్డు దొరికితే ముందు నాలుగు పాటలూ వినండి. అర్థం ఎవరినైనా అడిగి తెలుసుకోండి. సింఫనీ ఆ తరువాత పెట్టండి. ఇంట్లో కీర్తన పాడించేటప్పుడూ ఇదే వరస మంచిది. ముందు పిల్లచేత మాట పలికించి, దాని అర్థం చెప్పి, అప్పుడు శ్రుతి పెట్టండి.